కొలతకు రాని కొండ

క్లూనారా, టిప్పరరీ
1654 ఫిబ్రవరి, బ్రిజిడ్ పండుగ వెళ్ళిన మూడో రోజు

ఫినోలక్కకు,

గాల్వేలో మఠం మూసేసి మనందరినీ ఇళ్ళకు పంపాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. రెండేళ్ళు ఊరుకుని ఇప్పుడు అవసరం పడి రాస్తోందని అనుకుంటావు. అనుకో. నిజమే.

మాకు ఉత్తర్వు వచ్చింది. మే ఒకటో తేదీలోగా షానన్ నది దాటి పడమటికి వెళ్ళిపోవాలి. మా పొలాలను ఇంగ్లీషు సిపాయిలకు జీతానికి బదులుగా పంచుతారట. మాకు నది అవతల ఎక్కడో కొంత నేల చూపిస్తారు. అది ఎంతన్నది మాకున్న పశువుల్ని బట్టి, చేలో ఉన్న పైరుని బట్టి ఉంటుంది. అందుకని పోయిన వారం నాన్న పట్నం వెళ్ళి కచేరీలో మా వివరాలు రాయించాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు కనుక నన్ను వెంట తీసుకెళ్ళాడు. నలుగురిలో నేను నోరు విప్పలేనని నీకు తెలుసు. ఆ రోజు ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల్సి వచ్చింది.

"జుట్టు రంగు?" అన్నాడు గుమాస్తా.

నాన్న టోపీ తీసి బట్టతల చూపించాడు. "ఉన్నప్పుడు ఎర్రగా ఉండేదని చెప్పు. ఎక్కడైనా దొరికితే నాదేనని రాసుకోమను."

నేను ఎరుపు అని మాత్రం చెప్పాను.

"కాలు ఎందుకు ఈడుస్తున్నాడు? యుద్ధంలో దెబ్బా?"

"ఆవు తన్నింది," అన్నాడు నాన్న. "ఏ పక్షం ఆవు అని అడుగుతాడేమో, మా ఆవేనని చెప్పు."

నా పేరు పక్కన 'పద్దెనిమిదేళ్ళు, పొట్టి, మట్టిరంగు జుట్టు' అని రాశారు. అమ్మ పేరు పక్కన 'నలభై, బొద్దు' అని రాశారు. అమ్మ కోపం ఇంకా తగ్గలేదు. తర్వాత పన్నెండు ఆవులు, ఇరవై గొర్రెలు, రెండు గుర్రాలు, ఎనిమిది ఎకరాల బార్లీ. మా కన్నా పశువుల గురించే శ్రద్ధగా రాసుకున్నాడు.

నాన్న ఆవుల్ని తోలుకుని ముందు వెళతాడు. పంట కోసి నూర్చేదాకా ఆడవాళ్ళు ఉండొచ్చట. అమ్మ, నేను ఆ తర్వాత వెళ్ళాలి.

మఠంలో నువ్వు నది అవతలి మీ రాళ్ళ సీమ గురించి చెబుతుంటే మేమంతా నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆ మాటలన్నీ మళ్ళీ వినాలనుంది. అక్కడ మనుషులు ఎలా బతుకుతారు? పశువులు ఏం మేస్తాయి? నేను చదివిన పుస్తకాల్లో ఇవి లేవు.

ఈ ఉత్తరం ఉప్పు బండి అతనితో పంపుతున్నాను. అతనికి నది దాటే చీటీ ఉంది. పదిహేను రోజులకోసారి ఇటు వస్తాడు.

నీ చెల్లి,
సైవ్


లిస్‌గన్, బరెన్, క్లేర్
మార్చి

ఒసే సైవూ,

గుర్తొచ్చానా చివరికి. నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, మా నాన్నకు రెండుసార్లు వినిపించాను. ఆవు తన్నిన మాట దగ్గర ఆయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వు వినడం నాకు అదే మొదలు.

"పాపం, ఆ బురదకాళ్ళ వాళ్ళు ఇక్కడికొచ్చి ఏం తింటారే," అన్నాడు.

మేం తినేదే తింటారు అన్నాను. పాలు, వెన్న, ఓట్స్ రొట్టె, దొరికితే చేప.

ఇక్కడ మేమూ నిశ్చింతగా లేం. మీకు చోటు చూపించాలంటే ఎవరిదో ఒకరిది తీయాలి కదా. మా నేలలో కొంత తీసుకుంటారని చెప్పుకుంటున్నారు. కొంత అంటే ఎంతో చెప్పేవాడు లేడు. పోయిన జులైలో కొలిచేవాళ్ళు వచ్చారు. ఊళ్ళో పెద్దవాడు ముందు నడిచి హద్దులు చూపించాలి. మా ఊరికి పెద్ద మా నాన్న మాహన్. లోయంతా తిప్పి చూపించాడు. జులైలో మా లోయ ఎలా ఉంటుందనుకున్నావు, పచ్చటి దుప్పటి పరిచినట్టుంటుంది. దాన్ని అంగుళం వదలకుండా కొలిచారు. ఆ తర్వాత కొలిచే పెద్దమనిషి కొండ కింద నిలబడి తలెత్తి చూశాడు.

"పైన ఏముంది?"

"రాయి," అన్నాడు నాన్న.

"ఆ రాయి వెనక?"

"ఇంకా రాయి."

ఆయన 'పనికిరానిది' అని రాసుకుని పుస్తకం మూసేశాడు. నేల కొలిచే గొలుసు పైకి ఎక్కనేలేదు. నాన్న ఇంటికొచ్చి భోంచేశాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు చూడు.

నీకు మఠంలో చెప్పానే, నువ్వు నమ్మలేదు. లోకమంతా ఎండాకాలం పశువుల్ని కొండకు తోలి చలికాలం కిందికి దించుతుంది. మేం తిరగేసి చేస్తాం. మా కొండ మొత్తం బూడిదరంగులో, పలకలు పలకలుగా ఉంటుంది. ఎండాకాలమంతా ఆ రాయి వేడి పట్టి ఉంచుకుంటుంది. చలికాలం మెల్లమెల్లగా వదులుతుంది. పలకల సందుల్లో సన్నటి గడ్డి. ఆ గడ్డి తిని ఆవులు మే నెలకు నున్నగా దిగివస్తాయి. కాళ్ళకు బురద అంటదు, దూడలకు దగ్గు రాదు. నవంబరు ఒకటిన సకల పరిశుద్ధుల పండుగకు ఎక్కిస్తాం, మే పండుగకు దించుతాం. తాతల నాటి నుంచీ ఇంతే.

లోయ పోయినా కొండ మిగులుతుందని నాన్న ధైర్యం. కొలతకు రాలేదు కదా. ఈ మాట మా గడప దాటలేదు. నువ్వు ఇంటి మనిషివని రాస్తున్నాను.

ఫినోల


క్లూనారా
జూన్

ఫినోలక్కకు,

నాన్న ఏప్రిల్ ఆఖరున వెళ్ళాడు. పదకొండు ఆవుల్ని తోలుకెళ్ళి ఎర్రావును మాకు వదిలాడు. ఇంతవరకు కబురు లేదు.

మా ఇల్లు ఎవరికి వచ్చిందో తెలిసింది. సిపాయిలు ఒక టోపీలో చీటీలు వేసి తీసుకున్నారట. అతని పేరు టక్. వాళ్ళ ఊళ్ళో చేతితొడుగులు కుట్టేవాడట. మేం వెళ్ళేదాకా గడ్డిపాకలోనే ఉంటానన్నాడు. అమ్మ కనిపిస్తే టోపీ తీస్తాడు. అసహ్యించుకుందామంటే పట్టు దొరకడం లేదు.

బార్లీ నూర్పిడి కూలీలకు డబ్బు కావాలని అమ్మ ఎర్రావును అతనికి అమ్మింది. పాలు మాత్రం అతనికి సగం, మాకు సగం. మొదటిరోజు అతను చెంబు పట్టుకుని కూర్చున్నాడు. ఆవు చుక్క ఇవ్వలేదు. రెండోరోజూ అంతే. ఎవరైనా పక్కన తల ఆనించి పాట పాడితే తప్ప ఆ ఆవు పాలు విడవదని అతనికి తెలియదు. నాకు తెలుసు. కిటికీలోంచి మూడు రోజులు చూశాను. నాకు సంతోషంగా ఉండింది. ఈ పాపం చర్చి గురువుల దగ్గర ఒప్పుకుందామంటే, పట్టుకుపోతారని ఇప్పుడు వాళ్ళెవరూ బయట తిరగడం లేదు కనుక నీకే చెబుతున్నాను.

నాలుగోరోజు అమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. "లే, పక్కకు జరుగు," అంది మన భాషలోనే. అతను లేచాడు. అమ్మ పాడింది. చెంబు నిండింది. తర్వాత అతన్ని కూర్చోబెట్టి పాడమని సైగ చేసింది. అతనికి సైన్యంలో నేర్పిన కీర్తన ఒక్కటే వచ్చట. బొంగురు గొంతుతో అదే పాడాడు. ఆవు దానికీ పాలిచ్చింది.

"ఎందుకు చెప్పావమ్మా?" అన్నాను.

"పొదుగు సలిపేది ఆవుకే. వాడికి కాదు," అంది.

అప్పటినుంచి నేను అమ్మతో సరిగా మాట్లాడలేకపోతున్నాను. తప్పు ఆవిడది కాదనుకో.

మీ సంగతి ఏమైంది? కొంత అంటే ఎంతో తెలిసిందా?

సైవ్


లిస్‌గన్
ఆగస్టు

సైవ్‌కు,

మేం క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. గడ్డి కోతలు అయిపోయాయి. వానలు ఈ ఏడు ఆలస్యం. రాయడానికి విశేషాలేమీ లేవు. చేతికి దెబ్బ తగిలినందువల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను.

మీ అమ్మగారికి నమస్కారాలు.

ఫినోల


క్లూనారా
సెప్టెంబరు మొదటి వారం

ఫినోలక్కకు,

నీ ఉత్తరమూ నాన్న కబురూ ఉప్పు బండిలో ఒకే రోజు వచ్చాయి. ముందు నీ ఉత్తరం చదివాను. ఏదో బాగాలేదని అర్థమైంది. ఏమిటో అర్థం కాలేదు.

ఆ తర్వాత ఉప్పు బండి అతను మా వంటింట్లో కూర్చుని నాన్న మాటలు నాన్న గొంతుతోనే వినిపించాడు. "మా ఆవిడతో చెప్పు, నేను బతికే ఉన్నాను. రెండు ఆవులు దారిలో పోయాయి. తొమ్మిది మిగిలాయి. నేల చూపించారు. ఇంత పచ్చిక మన టిప్పరరీలో కూడా లేదు. వెనక ఒక రాతికొండ ఉంది, దాన్ని కాగితం అడుగున కొసరు వేశారు. పనికిరాని నేలకు కొలత ఉండదట, పక్కనున్న పనికొచ్చే నేలతో పాటు వచ్చేస్తుందట. ఇంటి పెద్దాయన మాహన్ మంచివాడు. ఇల్లు ఖాళీ చేసి ఆ కొండమీద గుడిసె వేసుకుంటానన్నాడు. వేసుకో బావా, నీ రాళ్ళు నాకెందుకు, అన్నాను."

అమ్మ సంతోషించింది. పచ్చిక మాట రెండుసార్లు చెప్పించుకుంది. నా ముఖం చూసి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

నీ చేతికి దెబ్బేమీ తగల్లేదు కదూ. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

మేం ఆ నేల కావాలని అడగలేదు. ఈ మాట నీకు ఎందుకూ పనికిరాదని తెలుసు. టక్ కూడా మాతో ఇదే అంటాడు, చీటీలో వచ్చింది, నేను అడగలేదు అని.

కొండ విలువ నాన్నకు తెలియదు. నాకు తెలుసు. నాకు చెప్పింది నువ్వే. ఆయనకు నేను ఏ కబురూ పంపలేదు. పంపనని మాట ఇవ్వమంటావేమో, ఇవ్వలేను. తొమ్మిది ఆవులే మాకు మిగిలిన బతుకు. కింది పచ్చిక వాటికి చాలితే నేను నోరు విప్పాల్సిన పనే రాదు. చాలాలని కోరుకుంటున్నాను.

సైవ్


లిస్‌గన్
సెప్టెంబరు ఆఖరు

సైవూ,

చేతికి దెబ్బ తగల్లేదు. నిజమే.

జులై ఆఖరున మీ నాన్న మా వాకిట్లోకి వచ్చాడు. బట్టతల, ఈడ్చే కాలు చూడగానే పోల్చుకున్నాను. నీ ఉత్తరంలో చదివినదే కదా. చేతిలో కాగితం ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. ఆయనకు చదవడం రాదు, మా నాన్నకూ రాదు. ఇద్దరూ నావైపు చూశారు. మా ఇల్లు మాది కాదని మా నాన్నకు చదివి వినిపించింది నేనే సైవూ. అడుగున ఉన్న కొండ సంగతి కూడా.

మీ నాన్న టోపీ తీశాడు. మా ఆడవాళ్ళు వచ్చేదాకా నేను పశువుల కొట్టంలో పడుకుంటాను, మీరు కదలొద్దు అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాడు. మొదటి వారం మా నాన్న ఆయన ముఖం చూడలేదు. రెండో వారం పేక ముక్కలు తీశాడు.

"రాళ్ళు మేసేవాళ్ళకు పేకాట కూడా వచ్చా?" అంటాడు మీ నాన్న.

"బురదలో పుట్టినవాడితో ఆడి గెలిస్తే నాకు పేరు రాదులే," అంటాడు మా నాన్న. అని కూర్చుని ఆడతాడు.

నన్ను అమ్మాయ్ అని పిలుస్తాడు. నేను బాబాయ్ అంటున్నాను. వేరే ఏమని పిలవాలో తోచలేదు.

ఇప్పుడు నేను రాయబోయేది మా నాన్న చెప్పొద్దన్న మాట.

ఆ పచ్చిక చలికాలం ఉండదు. లోయ అడుగున బిలాలున్నాయి. వానలు ముదిరాక వాటిలోంచి నీళ్ళు పైకి ఉబికి వస్తాయి. వాగు పొంగదు, వరద రాదు. ఒక పొద్దున లేచి చూస్తే లోయ చెరువై ఉంటుంది. వసంతంలో నీళ్ళు మళ్ళీ అవే బిలాల్లోకి దిగిపోతాయి. ఇల్లు మెట్ట మీద ఉంది కనుక దానికి భయం లేదు. నేల మాత్రం మునుగుతుంది. మేం అందుకే పశువుల్ని ముందే కొండెక్కిస్తాం.

"కొలిచినవాడు ఎండాకాలం కొలిచాడు. తీసుకున్నవాడు ఎండాకాలం తీసుకున్నాడు. చలికాలం గురించి మనల్ని ఎవరడిగారు?" అన్నాడు నాన్న.

ఆయన చెడ్డవాడు కాదు. నీళ్ళ సంగతి తెలిస్తే మీ నాన్న తలెత్తి ఎటు చూస్తాడు? కొండవైపే. మా ఆవులు ఏడు, మీవి తొమ్మిది. పదహారింటిని ఆ కొండ సాకుతుందో లేదో ఇంతవరకు ఎవరూ చూడలేదు. సాకకపోతే దిగాల్సింది మావే, కాగితం మీ పేర ఉంది కనుక.

మీ నాన్నకు నేను చెప్పలేదు. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పకుండా అయిదు రోజుల దూరంలో ఉన్న నీకు చెబుతున్నాను. ఇది ధైర్యమో పిరికితనమో నాకు తెలియదు. ఏం చేస్తావో నీ ఇష్టం.

ఫినోల


క్లూనారా
అక్టోబరు 21

ఫినోలక్కకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, నూర్పిళ్ళలో ఉన్నాం.

నాన్నకు చెప్పక తప్పదు. కాని చదవడం రాని మనిషికి నేను రాసి ఏం లాభం? అక్కడ చదవగలిగింది నువ్వొక్కదానివే. ఉప్పు బండి అతనితో నోటిమాటగా పంపుదామంటే కొండ విలువ సగం జిల్లాకు తెలిసిపోతుంది. రేపు కచేరీవాళ్ళు మళ్ళీ గొలుసు పట్టుకొస్తారు. అప్పుడు అది మీదీ కాదు, మాదీ కాదు.

అందుకని నాన్న పేర రాసిన కాగితం ఇందులో మడిచి పెట్టాను. లక్క వేయలేదు. నువ్వు ముందు చదువుకో. తర్వాత ఆయనకు వినిపించు.

సైవ్

(లోపలి కాగితం)

నాన్నా,

అమ్మా నేనూ బాగున్నాం. బార్లీ బాగా పండింది. టక్ ఇప్పుడు రెండు పాటలు నేర్చుకున్నాడు, ఎర్రావు అమ్మను అడగడం మానేసింది.

ఈ ఉత్తరం ఫినోల చదువుతోంది. నేను మఠంలో మూడేళ్ళు ఆమె పక్క మంచం మీద పడుకున్నాను. నేను చెప్పబోయేదంతా ఆమె చెప్పగా తెలిసిందే.

నువ్వు చూసిన పచ్చిక చలికాలం నీళ్ళలో ఉంటుంది. సకల పరిశుద్ధుల పండుగలోగా ఆవుల్ని అక్కణ్ణుంచి తీసేయాలి. వెనక ఉన్న కొండ పనికిరానిది కాదు. మన దగ్గర ఎండాకాలం ఎలాగో అక్కడ చలికాలం అలా పశువుల్ని కొండకు తోలతారు. మాహన్‌గారి ఆవులు ఆ కొండ మీదే బతుకుతాయి.

కాగితం ప్రకారం కొండ నీది. అయినా ఆయన్ని అడగకుండా ఒక్క ఆవును కూడా పైకి తోలొద్దు. ఆయన సరేనంటే తోలు. వద్దంటే పండుగ సంతలో అన్నిటినీ అమ్మెయ్. ఎలా బతకాలో మేం వచ్చాక చూసుకుందాం. ఇది అమ్మతో చెప్పే రాస్తున్నాను. ఆవిడ ఏడ్చింది, తర్వాత సరేనంది.

నీ కూతురు,
సైవ్


లిస్‌గన్
నవంబరు ఆఖరు

సైవూ,

మొదట జరిగింది చెబుతాను. తర్వాత నేను చేసింది చెబుతాను.

నవంబరు ఆరున నీళ్ళు వచ్చాయి. వరసగా మూడు రోజులు వాన. నాలుగోరోజు తెల్లవారేసరికి లోయ లేదు. మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్న చోట మీ ఆవులు గుంపుగా నిలబడి అరుస్తున్నాయి. మా నాన్న వాకిట్లోకి వచ్చి చూశాడు. ఆయన ఏం చేస్తాడా అని నేను చూస్తున్నాను. చెప్పులు కూడా తొడుక్కోలేదు, నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయాడు. మా ఆవుల్ని పిలిచినట్టు పిలిచాడు. ఆ పిలుపు మీ ఆవులకు తెలియదు. ఒక్కటీ కదల్లేదు.

"టైగ్, లే. నీ పశువులకు నా మాట అర్థం కావడం లేదు," అని కేకేశాడు. ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

మీ నాన్న కాలీడ్చుకుంటూ వచ్చి ఒడ్డున నిలబడి పిలిచాడు. మా నాన్న వెనకనుంచి అదిలించాడు. ఏడు వచ్చాయి. రెండు బిలం అంచున కాలు జారి మునిగిపోయాయి. మా నాన్న తడిబట్టలతోనే ఆ ఏడింటినీ కొండెక్కించాడు. ఎవరినీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఇద్దరూ బట్టలు ఆరబెట్టుకుంటుంటే నీ కాగితం తీసి చదివాను. అమ్మ క్షేమం, బార్లీ, టక్ పాటలు, నీళ్ళ సంగతి. అక్కడ ఆపేశాను.

మీ నాన్న అన్నాడు, "మా సైవ్ ఇంత చిన్న ఉత్తరం రాయదమ్మాయ్. నోరు విప్పమంటే విప్పదు గాని కాగితం దొరికితే అంచుల దాకా నింపుతుంది. ఇంకా ఉండుంటుంది చూడు."

ఇంకా ఉంది అన్నాను. మిగతాదంతా చదివాను. అడగకుండా ఒక్క ఆవును కూడా తోలొద్దు అన్న మాట దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు చదివాను.

"అయితే అడుగుతున్నాను బావా," అన్నాడు మీ నాన్న.

"తోలేశాక అడుగుతావా?"

"తోలింది నువ్వు."

మా నాన్న పొయ్యిలో మండుతున్న ఎండు మట్టిపెళ్ళల మీద ఇంకోటి పెట్టాడు. మీ నాన్న నావైపు తిరిగి, ఈ కొండ మాహన్‌దేనని ఒక కాగితం రాయమ్మా, నేను అడుగున గుర్తు పెడతాను అన్నాడు. నేను సిరా తీశాను.

"నా కొండ నాకిస్తున్నట్టు రాస్తావా?" అన్నాడు నాన్న. "రాయొద్దు. లోపల పెట్టు ఆ సిరా."

"మరెలా?"

"ఏడూ ఏడూ పద్నాలుగు. గడ్డి తగ్గితే చెరొకటి దించుదాం. దీనికి కాగితమెందుకు?"

అంతే. ఎవరి కొండ అన్నది తేలలేదు. తేల్చొద్దని ఇద్దరూ అనుకున్నట్టున్నారు. ఇల్లు కూడా అంతే. మీరొచ్చాక తూర్పు వైపు మీరు, పడమటి వైపు మేము, పొయ్యి ఒకటే.

ఇక నేను చేసింది. నీ ఉత్తరం నవంబరు ఆరున రాలేదు. అక్టోబరు ఇరవై ఆరునే వచ్చింది. చదివి పిండి పెట్టెలో దాచాను. పదకొండు రోజులు ఆ పిండితోనే రొట్టెలు చేశాను, మీ నాన్నకు పెట్టాను. ఈ ఏడు వానలు ఆలస్యం కదా, పండుగ సంత అయిపోనీ, తర్వాత చదువుదాం, అప్పటికి మా ఆవులు కొండ మీద కుదురుకుంటాయి అనుకున్నాను. ఏమనుకున్నానో ఇప్పుడు నాకే సరిగా తెలియడం లేదు.

ఉత్తరం ఎప్పుడొచ్చిందమ్మాయ్ అని మీ నాన్న అడిగాడు. నిన్న రాత్రి అన్నాను.

"అయ్యో, ఒక్కరోజు ముందొచ్చుంటే," అన్నాడు. అని నాకు రొట్టె తుంచి ఇచ్చాడు.

మీ నాన్నకు చెప్పాలి, చెప్పలేకపోతున్నాను. నువ్వు రావడానికి ఇష్టపడకపోతే అర్థం చేసుకుంటాను. కాని నేల మీ పేర ఉంది కనుక రావాలి మీరు.

ఫినోల


క్లూనారా
1655 జనవరి 20

ఫినోలక్కకు,

నీ ఉత్తరం అమ్మకు చదవలేదు. నాన్న క్షేమమని, ఏడు ఆవులు కొండ మీద ఉన్నాయని మాత్రం చెప్పాను.

నూర్పిళ్ళ వల్ల జవాబు ఆలస్యమైందని అక్టోబరులో నీకు రాశాను. నూర్పిళ్ళు అప్పటికే అయిపోయాయి. నీ ఉత్తరం నాకు అక్టోబరు అయిదున అందింది. ఆ రాత్రే నాన్నకు రాయాల్సింది రాశాను. మర్నాడు ఉప్పు బండి తిరిగి వెళుతూ మా వాకిట్లో ఆగింది. నేను కాగితం జేబులో పెట్టుకుని గొర్రెల దొడ్లోకి వెళ్ళి కూర్చున్నాను. అతను రెండుసార్లు పిలిచాడు. బండి చప్పుడు పూర్తిగా వెళ్ళిపోయాక బయటికి వచ్చాను.

ఈలోగా నువ్వే నాన్నకు చెప్పేస్తావని ఆశపడ్డాను. నువ్వు చెబితే నీ కొండను నీ నుంచి తీసుకున్నది నేను కాకుండా పోతాను కదా. పదిహేను రోజుల తర్వాత బండి మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చాను. మొదటిసారే ఇచ్చి ఉంటే అది అక్టోబరు పదకొండుకు నీ చేతిలో ఉండేది. నువ్వు పదకొండు రోజులు దాచుకున్నా పండుగకు ముందే చదివేదానివి.

పోయినవి రెండు ఆవులు. ఒకటి నీ వల్ల పోయింది, ఒకటి నా వల్ల పోయింది. నేను వచ్చాక నాన్నకు ఇద్దరం కలిసి చెబుదాం. అప్పటిదాకా నువ్వు ఒక్కదానివే చెప్పొద్దు. ముందు నేను మాట్లాడతాను. రాయను, మాట్లాడతాను.

మేం ఎల్లుండి బయలుదేరుతున్నాం. బార్లీ అమ్మేశాం. వెంట తెచ్చేవి గొర్రెలు, గుర్రాలు, మంచాలు రెండు, నా పుస్తకాలు మూడు. ఈ ఉత్తరం తెచ్చే ఉప్పు బండి రేపే వెళుతుంది, దాని వెనక ఒకరోజు తేడాతో మేం వస్తాం.

నిన్న టక్ భార్య ఇంగ్లండు నుంచి వచ్చింది. నా అంతే పొట్టి. ఓడ ప్రయాణానికి ముఖం పాలిపోయి ఉంది. అమ్మ తలుపు తీసి పక్కకు జరిగింది. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత అమ్మ ఆమెకు వేడిపాలు ఇచ్చి, ఏ గిన్నె ఎక్కడుందో చూపించింది. ఎవరూ ఎవరినీ తప్పుగా ఒక్క మాట అనలేదు. అయినా అమ్మ అలా పక్కకు జరగడం నేను చూడలేకపోయాను.

అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. మేం వచ్చిన రోజు కాగితంలో ఏముందన్నది మర్చిపో. గడప దగ్గర నువ్వు పక్కకు తప్పుకోవద్దు. మీ నాన్నను కూడా తప్పుకోనివ్వొద్దు. లోపలే ఉండి, రమ్మని నన్ను పిలువు. నువ్వు పిలిచేదాకా నేను వాకిట్లోనే నిలబడతాను.

సైవ్